మగపిల్లలు నిలవని ఇల్లు: పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఐదు ఒకే విషయాన్ని ప్రస్తావించాయి. పిల్లలు పదే పదే జబ్బు పడడం, ఒకే కుటుంబంలో పసిబిడ్డలు వరుసగా చనిపోవడం, దానికి కారణం ఏమిటో ఎవరూ చెప్పకపోవడం వాటి సారాంశం. రాసినవారి వివరాలు తొలగించి, ప్రశ్నలను కొంత కుదించి, జవాబులతో కలిపి ఇస్తున్నాము.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుంటూరు, కొత్తపేట. మా చిన్నబాబుకు మూడేళ్లు. పుట్టిన ఏడో నెల వరకు బొద్దుగా ఉన్నాడు. ఆ తరువాత చెవిలో చీము మొదలైంది. గడిచిన పద్నాలుగు నెలలలో మూడుసార్లు నిమోనియా వచ్చింది. ప్రతిసారీ ఆస్పత్రిలో చేర్చి సూదిమందులు ఎక్కించిన తరువాతే తగ్గింది. మా పెద్దబాబు కూడా అలాగే ఏడో నెల దాకా బాగుండి, పదకొండో నెలలో నిమోనియాతో పోయాడు. మధ్యలో పుట్టిన పాప ఆరోగ్యంగా ఉంది. మా అమ్మకు ముగ్గురు తమ్ముళ్లు పుడితే ఇద్దరు రెండేళ్లు నిండకుండానే పోయారట. మూడో ఆయనకు పెంటయ్య అని పేరు పెడితే నిలిచారని చెబుతారు. మాది మేనరికం కాదు. అత్తవారింట్లో నా పాలు మంచివి కావని, నా జాతకంలోనే దోషం ఉందని అంటున్నారు. మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. ఇది వంశంలో వచ్చే జబ్బేనా?

జవాబు: అమ్మా, ముందుగా మీ పాల సంగతి చెబుతాను. మీ పాలలో ఏ దోషమూ లేదు. బిడ్డ గర్భంలో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలలలో, తల్లి రక్తంలోని ఐజిజి అనే రక్షక పదార్థం మావి ద్వారా బిడ్డకు చేరుతుంది. పుట్టిన తరువాత సుమారు ఆరు నెలల పాటు బిడ్డను కాచేది ప్రధానంగా అదే. మీ పిల్లలిద్దరూ ఏడో నెల దాకా బొద్దుగా ఉన్నారంటే వారిని అంతకాలం కాపాడింది మీరిచ్చిన రక్షణే. అది కరిగిపోయిన తరువాత బిడ్డ శరీరం తన సొంత రక్షణను తయారు చేసుకోవాలి. మీ పిల్లలలో అది జరగలేదేమో అన్న బలమైన అనుమానం మీ ఉత్తరం చదవగానే కలుగుతుంది.

ఈ అనుమానానికి ఆధారం నిమోనియా ఒక్కటే కాదు. పోయినవారందరూ మగపిల్లలు, అందరూ మీ అమ్మగారి వైపు వారు, లేదా ఆమె కూతురైన మీ బిడ్డలు. ఈ వరుసను వైద్యులు ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా సంక్రమించే లోపంగా గుర్తిస్తారు. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి కాబట్టి ఒకదానిలోని జన్యువు చెడినా రెండోది ఆదుకుంటుంది. అందువల్ల ఆమెకు సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు, తనలో లోపం ఉన్నట్టు తెలియను కూడా తెలియదు. మగబిడ్డకు ఉండేది ఒకే ఎక్స్, అదీ తల్లి నుంచి వచ్చినదే. అది చెడినదైతే ఆదుకునేందుకు రెండోది లేదు. అటువంటి తల్లికి పుట్టే ప్రతి మగబిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి ఆడబిడ్డకూ తల్లిలాగే వాహకురాలు అయ్యే అవకాశం సగం. బొమ్మా బొరుసా వేసినట్టు ప్రతి కాన్పుకూ ఈ లెక్క కొత్తగానే మొదలవుతుంది. మీ పెంటయ్య మామయ్య నిలిచింది పేరు వల్ల కాదు, ఆయనకు మంచి ఎక్స్ రావడం వల్ల.

అయినా ఆ పేరును నేను తేలికగా తీసుకోను. బిడ్డలు నిలవని ఇంట్లో తరువాత పుట్టినవాడికి పెంటయ్య అనో, పుల్లయ్య అనో, కుప్పయ్య అనో పేరు పెట్టడం మన ప్రాంతంలో పాత అలవాటు. వెనుకటి తరంలో ఇటువంటి పేరు వినబడగానే దానికి ముందు ఎవరెవరు పోయారని నేను అడుగుతాను. తెనాలి దగ్గరి ఒక పల్లె నుంచి మనవడిని తీసుకొచ్చిన ఒక పెద్దావిడ, ఆ ప్రశ్న అడిగిన వెంటనే వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ లెక్క చెప్పడం మొదలుపెట్టింది. వీడు పాలు తాగే వయసులో, వాడు నడక వచ్చిన తరువాత, ఇంకొకడు పుట్టువెంట్రుకలు తీయించిన నెలలో అని ఆమె చెబుతుంటే, మగపిల్లలకు చతురస్రం, ఆడపిల్లలకు సున్న, పోయినవారికి అడ్డంగా గీత చొప్పున నేను కాగితం మీద వేసుకుంటూ పోయాను. ఆమె ముగించేసరికి గీత పడ్డవన్నీ చతురస్రాలే. అంతకుముందు ఆ బిడ్డను చూసిన వారి చీటీలు ఒక బట్టల షాపు సంచి నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలోనూ తల్లి తరఫు మేనమామల ఊసు లేదు.

మీ బాబులో మొదట అనుమానించవలసింది బ్రూటన్ వ్యాధి. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికా సైనిక వైద్యుడు, పదే పదే తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు గురవుతున్న 8 ఏళ్ల బాలుడి రక్తంలో గామా గ్లోబ్యులిన్ (ఐజిజి వంటి రక్షక పదార్థాలు ఉండే భాగం) అసలే లేదని కనిపెట్టి, దానిని ఇంజెక్షన్ల రూపంలో అందించి ఆ బాలుడిని కోలుకునేటట్టు చేశారు. దీనికి మూలమైన బిటికె అనే జన్యువు 1993లో బయటపడింది. ఈ జన్యువు చెడితే ఐజిజి వంటి యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు ఎదగవు. ఈ పిల్లల నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే టాన్సిల్స్ దాదాపు కనబడవు. మాటిమాటికీ గొంతు, చెవి నొప్పి వచ్చే పిల్లవాడికి టాన్సిల్స్ పెద్దవిగా ఉండడం సహజం. అవి లేకపోవడమే ఇక్కడ ఆనవాలు.

మీరు గుంటూరు జనరల్ ఆస్పత్రిలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో, మీకు నమ్మకమున్న మరొక చోటనో పిల్లల విభాగంలో చూపించి, ఈ కుటుంబ చరిత్ర రాసిన కాగితాన్ని ముందుగా చేతికివ్వండి. మొదటి విడతలో పూర్తి రక్తపరీక్ష, ఐజిజి, ఐజిఏ, ఐజిఎం, ఐజిఇ అనే రక్షక పదార్థాల స్థాయిలు చూస్తారు. హెచ్ఐవి పరీక్ష కూడా చేస్తారు. దానికి నొచ్చుకోవద్దు, ఆ అనుమానాన్ని తొలగించుకోకుండా ముందుకు పోకూడదు. తరువాత ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్షతో రక్తంలో రోగనిరోధక రక్షణనిచ్చే బి, టి కణాలను లెక్కిస్తారు, ఆపై జన్యుపరీక్ష ఉంటుంది. కొన్ని నమూనాలు వేరే నగరానికి పంపవలసి రావచ్చు. ఒక జాగ్రత్త మాత్రం మరువకండి. బిడ్డకు రక్తం గానీ, ఇమ్యునోగ్లోబ్యులిన్ (ఇతరుల రక్తం నుంచి తీసిన ఐజిజి మందు) సీసాలు గానీ ఎక్కించడానికి ముందే ఈ పరీక్షలకు రక్తం తీయించాలి. ఎక్కించిన తరువాత తీస్తే ఇతరుల ఐజిజి కలిసిపోయి, లోపం ఉన్నా లేనట్టు కనబడుతుంది.

మీ చెల్లెలి విషయం. బాబులో జన్యు మార్పు దొరికితే, అదే మార్పు మీకు, మీ అమ్మగారికి, మీ చెల్లెలికి ఉందేమో చూడడం చిన్న పరీక్షతో తేలిపోతుంది. పెళ్లి ఆపవలసిన పని లేదు. వాహకురాలు రోగి కాదు. అయితే పెళ్లి చేసుకోబోయే అబ్బాయికి ముందుగా చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. దాచిపెట్టిన విషయం మొదటి మగబిడ్డ జబ్బు పడ్డప్పుడు బయటపడితే, మీరు ఇప్పుడు పడుతున్న మాటలే ఆమె కూడా పడవలసి వస్తుంది. మీ పాప సంగతి ఆమె పెద్దదై తనకు తానుగా నిర్ణయించుకోగల వయసు వచ్చిన తరువాత చూడవచ్చు.

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో పని చేస్తాను. మా ఐదేళ్ల అబ్బాయికి బడిలో వేసిన దగ్గర నుంచి నెలనెలా జలుబు చేస్తోంది. ఇమ్యూనిటీ పెంచే పొడులు, సిరప్‌లు వాడమని చాలామంది చెబుతున్నారు. బరువు బాగానే ఉన్నాడు.

జవాబు: వాడవద్దు, ఆ డబ్బుతో గుడ్లు, పండ్లు కొనండి. బడికి వెళ్లే చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే, మొదటి ఏడాదిలో అంతకన్నా ఎక్కువసార్లు కూడా చేయవచ్చు. వారం పది రోజులలో తనంతట తగ్గి, మధ్యలో ఆడుకుంటూ, వయసుకు తగ్గట్టు ఎదుగుతున్న బిడ్డకు రోగనిరోధక లోపం ఉందని అనుమానించనక్కరలేదు. యార్డు నుంచి ఇంటికి రాగానే మిర్చి ఘాటు పట్టిన బట్టలు మార్చుకుని, స్నానం చేసిన తరువాత బిడ్డను ఎత్తుకోండి. ఆ దుమ్ముకు వచ్చే దగ్గు వేరు, ఇన్ఫెక్షన్ వేరు.

అనుమానించవలసినది ఎప్పుడంటే, ఏడాదిలో నాలుగు, అంతకుమించి చెవి ఇన్ఫెక్షన్లు గానీ రెండు నిమోనియాలు గానీ వచ్చినప్పుడు, రెండు నెలల పాటు యాంటీబయాటిక్స్ వాడినా గుణం కనబడనప్పుడు, సూదిమందు ఎక్కిస్తే తప్ప జబ్బు లొంగనప్పుడు, చర్మం లోతులో గానీ కాలేయం వంటి అవయవాలలో గానీ చీముగడ్డలు మళ్లీ మళ్లీ కట్టినప్పుడు, నోటిలో తెల్లపూత ఎంతకీ పోనప్పుడు, బిడ్డ బరువు పెరగనప్పుడు. వీటన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ఇంతకుముందు ఇటువంటి బిడ్డ ఉండడం. పోషకాహార లోపం, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడడం వంటి వేరే కారణాలు కూడా ఉంటాయి కనుక వాటినీ చూసుకోవాలి.

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. నేను మా సొంత మేనమామను చేసుకున్నాను. మా తొలి బిడ్డకు, ఆడపిల్ల, రెండో నెలలో నోటిలో తెల్లపూత, విరేచనాలు మొదలయ్యాయి. బిసిజి టీకా వేసిన చోట పుండు మానలేదు, చంకలో గడ్డ వచ్చింది. ఐదో నెలలో పోయింది. చివరి రోజులలో పెద్ద ఆస్పత్రివారు స్కిడ్ అనే తీవ్రమైన రోగనిరోధక లోపం అని చెప్పి జన్యుపరీక్షకు రక్తం తీశారు, ఆ రిపోర్టు మా దగ్గర ఉంది. ఇప్పుడు నాకు రెండో నెల. టీకా వల్లనే పాప పోయిందా? ఈ బిడ్డకు ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీకు సమయం చేతిలో ఉంది, అందుకని ముందు చేయవలసినది చెబుతాను. ఆ రిపోర్టు తీసుకుని ఈ వారంలోనే జన్యు సలహా ఇచ్చే వైద్యులను కలవండి. అందులో చూపిన మార్పు మీ ఇద్దరిలోనూ ఉందని నిర్ధారణ అయితే, గర్భం 11వ వారం దాటాక మావి నుంచి చిన్న ముక్క తీసో, 16వ వారం నుంచి ఉమ్మనీరు తీసో, బిడ్డకు ఆ జబ్బు ఉందా లేదా తెలుసుకోవచ్చు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ఇటువంటి జన్యుపరీక్షను ఆపదు, రిజిస్టరైన కేంద్రంలో చేయించుకోవాలి, ఆడా మగా అని మాత్రం చెప్పరు. ఫలితం తెలిసిన తరువాత ఏం చేయాలన్నది పూర్తిగా మీ దంపతుల నిర్ణయం. అందులో అత్తగారికి గానీ వైద్యులకు గానీ ఓటు లేదు.

టీకా గురించి మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. బిసిజిలో ఉండేది బలహీనపరిచినదే అయినా బతికున్న బాక్టీరియా. మామూలు బిడ్డకు అది మేలే చేస్తుంది. టి కణాలే లేని బిడ్డలో మాత్రం ఆ బలహీనమైన సూక్ష్మజీవి కూడా ఒళ్లంతా పాకగలదు. జబ్బుకు కారణం టీకా కాదు, జబ్బు ముందే ఉంది, టీకా దానిని మరింత ప్రమాదకరం చేసింది. ఈ సంగతి చదివి ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు టీకాలు మాన్పించవద్దని ఇతర పాఠకులను గట్టిగా కోరుతున్నాను. పసిబిడ్డలు ఇన్ఫెక్షన్లతో పోయిన చరిత్ర ఉన్న ఇళ్లలో మాత్రం, పుట్టిన బిడ్డకు పరీక్ష ఫలితం వచ్చే వరకు బిసిజి, పోలియో చుక్కలు, రోటా చుక్కలు ఆపాలి. హెపటైటిస్ బి వంటి బతికున్న క్రిములు లేని టీకాలకు ఆ భయం లేదు. కాన్పు గదిలో బిడ్డను తుడిచి ఇవ్వగానే బిసిజి, పోలియో చుక్కలు వేయడం నర్సులకు రోజువారీ పని. కనుక ఆ మాట మీ తల్లీబిడ్డల కార్డు మీద ఎర్ర సిరాతో ముందే రాయించండి, ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు చెప్పి ఉంచండి, కాన్పు రోజున మీ వారిని నోటితో మరొకసారి చెప్పమనండి.

ఇది ఎలా వచ్చిందో కూడా తెలుసుకోండి. మీ అత్తమామలూ మీ అమ్మమ్మ తాతయ్యలూ ఒక్కరే. వారిలో ఒకరికి జన్యువు ఒక ప్రతిలో చెడి ఉంటే, రెండో ప్రతి మంచిది కాబట్టి వారికేమీ కాలేదు. అది మీ అమ్మగారి ద్వారా మీకు, నేరుగా మీ భర్తకు చేరి, రెండు దారులూ మీ పాపలో కలిశాయి. మేనమామ, మేనకోడళ్లకు జన్యువులలో నాలుగో వంతు, మేనత్త మేనమామ పిల్లలకు ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి కనుక, ఇటువంటి లోపాలు మేనరికంలో ఎక్కువగా కలుస్తాయి. ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, రాని అవకాశం నాలుగింట మూడు. తరతరాల ఆచారంలో ఎవరూ తెలిసి చేసిన తప్పు లేదు. మీ ఇంట్లో తరువాతి పెళ్లిళ్లు కుదిర్చేటప్పుడు మాత్రం ఈ విషయం తప్పక ప్రస్తావనకు రావాలి.

ఒకవేళ ఈ బిడ్డకు కూడా జబ్బు ఉందని తేలినా, తొలి బిడ్డకు దొరకని అవకాశం ఈ బిడ్డకు ఉంది. ఈ జబ్బుకు ఎముక మజ్జ మార్పిడి మొదటిసారి 1968లో అమెరికాలో విజయవంతమైంది. ఉత్తర అమెరికాలో 2000 నుంచి 2009 వరకు చికిత్స పొందిన 240 మంది బిడ్డల వివరాలు 2014లో వెలువడ్డాయి. మూడున్నర నెలల వయసులోపు మార్పిడి జరిగినవారిలో నూటికి 94 మంది ఐదేళ్ల తరువాత బతికి ఉన్నారు. మన దగ్గర బిడ్డలు ఇన్ఫెక్షన్లతో చిక్కిపోయిన తరువాతే మార్పిడి దాకా వస్తారు. మీరు ముందే తెలుసుకుని వెళ్లగలరు. కాన్పు సమయంలో బొడ్డుతాడు రక్తం తీసి లింఫోసైట్లు (టి, బి కణాలు ఉండే తెల్లకణాల రకం) లెక్కించే ఏర్పాటు చేసుకోండి. రక్తం ఎక్కించవలసి వస్తే రేడియేషన్ చేసిన రక్తమే వాడాలని కూడా రాయించండి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబుకు మెడలో గడ్డలు చీము పట్టి, టిబి అని రెండుసార్లు పూర్తి కోర్సు మందులు వాడాము. టిబి క్రిమి ఒక్క పరీక్షలోనూ దొరకలేదు. ఇప్పుడు కాలేయంలో చీముగడ్డ అంటున్నారు. (చిలకలూరిపేట)

జవాబు: క్రిమి దొరకకుండా రెండోసారి టిబి మందులు మొదలుపెట్టేటప్పుడే వేరే కారణం వెతకవలసింది. తెల్లకణాలు క్రిములను మింగి కూడా చంపలేకపోయే క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్ అనే లోపం ఇలాగే కనబడుతుంది. దానిలో రోగనిరోధక ప్రోటీన్ల స్థాయిలు తగ్గవు కాబట్టి, ఐజిజి మామూలుగా ఉందన్న రిపోర్టుతో ఆగిపోవద్దు. డిహెచ్ఆర్ అనే రక్తపరీక్ష అడగండి. తేలితే కోట్రైమాక్సజోల్, ఇట్రాకొనజోల్ రోజూ వాడుతూ ఇన్ఫెక్షన్లను చాలావరకు దూరంగా ఉంచవచ్చు. గడ్డ నుంచి తీసిన చీమును బాక్టీరియా, ఫంగస్ కల్చర్‌కు పంపించమని ఆపరేషనుకు ముందే చెప్పండి.

ప్రశ్న: అయ్యా, మాది తెనాలి. నా మనవడికి ఏడేళ్లు. బ్రూటన్ వ్యాధి అని తేలి, నాలుగు వారాలకొకసారి విజయవాడలో ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తున్నాము. ఏడాదిగా ఒక్క నిమోనియా రాలేదు. ఖర్చు మోయలేకపోతున్నాము. బాగున్నాడు కదా, ఆపవచ్చా? పరాయి రక్తం వల్ల ఎయిడ్స్ వస్తుందని కొందరు భయపెడుతున్నారు. దసరా సెలవులకు విశాఖలో మా అమ్మాయి ఇంటికి పంపాలని కూడా ఉంది.

జవాబు: పెద్దవారు, ఈ వయసులో నెలనెలా బిడ్డను వెంటబెట్టుకుని తిరుగుతున్నారు. ఏడాదిగా నిమోనియా రాలేదంటే మందు పని చేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. ఎక్కించిన ఐజిజి సుమారు మూడు వారాలకు సగానికి తగ్గిపోతుంది, పిల్లవాడి శరీరం దానిని కొత్తగా చేసుకోలేదు. ఆపితే పాత రోజులు తిరిగి వస్తాయి. పైగా మళ్లీ మళ్లీ వచ్చే నిమోనియా ఊపిరితిత్తులలో కొంత భాగాన్ని శాశ్వతంగా పాడు చేయగలదు.

ఈ మందును వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీస్తారు. దాతలను పరీక్షిస్తారు, తయారీలో వైరస్‌లను నాశనం చేసే దశలు ఉంటాయి. ఎయిడ్స్ భయం పెట్టుకోవద్దు. అయినా ప్రతిసారీ సీసా మీది స్టిక్కరును, బ్యాచ్ నంబరుతో సహా, ఒక నోటుపుస్తకంలో అంటించి తేదీ వేసి ఉంచండి. ఎక్కించే రోజున తలనొప్పి, చలి, జ్వరం వస్తే చాలావరకు వేగం తగ్గిస్తే సరిపోతాయి కాబట్టి వెంటనే నర్సుకు చెప్పండి. ముందు రోజు నుంచి నీళ్లు బాగా తాగించండి.

మోతాదు సాధారణంగా కిలో బరువుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు. 20 కిలోల బిడ్డకు కిలోకు 500 చొప్పున 10 గ్రాములు అవుతుంది. పిల్లవాడు పెరుగుతుంటే మందు పెరగాలి. ఏడాది కిందటి బరువుకు రాసిన మోతాదునే ఇప్పటికీ ఎక్కిస్తున్న బిడ్డలను నేను చూశాను. ప్రతి విడతకూ బరువు తూయించండి, అప్పుడప్పుడు తరువాతి సీసాకు ముందు ఐజిజి స్థాయి చూపించండి.

ఖర్చు సంగతికి వస్తే, కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఈ లోపాలు ఉన్నాయి. గుర్తించిన ఉన్నత కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సాయం అందించే వీలు అందులో ఉంది. మనకు దగ్గరలో అటువంటి కేంద్రం హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రి, అది జన్యుపరీక్షలు చేసే సిడిఎఫ్‌డి అనే కేంద్ర సంస్థతో కలిసి పనిచేస్తుంది. రోగనిర్ధారణ రిపోర్టు, జన్యుపరీక్ష, ఇప్పటివరకు ఎక్కించిన సీసాల పట్టిక, ఆధార్ కార్డు తీసుకుని ఒకసారి వెళ్లి నమోదు చేయించండి. ఆ కాగితాల పని తేలే వరకు ఒక్క విడత కూడా మానవద్దు.

ఇంట్లో చిన్న పిల్లలెవరైనా ఉంటే, వారికి పోలియో చుక్కలకు బదులు ఇంజెక్షన్ ఇప్పించే విషయం డాక్టరుతో మాట్లాడండి. చుక్కలలోని వైరస్ వారి మలం ద్వారా ఈ బిడ్డకు చేరి పట్టుకోగలదు. తాగే నీళ్లు కాచి చల్లార్చినవే ఇవ్వండి. దసరాకు నిశ్చింతగా విశాఖ పంపండి. బయలుదేరే ముందు వారంలో సీసా ఎక్కించి, రిపోర్టుల నకళ్లు ఒక జత మీ అమ్మాయి చేతికిచ్చి, జ్వరం వస్తే మర్నాటి దాకా ఆగకుండా అదే రోజు ఆస్పత్రిలో చూపించమని చెప్పండి.